కోలారు బంగారం, అందులో మనవాళ్ళు: అపోహలు - వాస్తవాలు

పాత గనుల రికార్డులు చదవడమే పనిగా పెట్టుకుని పన్నెండేళ్ళయింది. మాది కుప్పం పక్కన పల్లె, మా తాత కోలారు గనులున్న మారికుప్పంలో అండర్‌గ్రౌండ్ పని చేసినాయన. ఇప్పుడు కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, కర్ణాటకలోని కోలారు బంగారు గనులు) అనగానే అందరికీ సినిమానే గుర్తొస్తోంది, ఎవరు కలిసినా తిప్పి తిప్పి అవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: అక్కడ బంగారం కనిపెట్టింది తెల్లవాళ్ళు.

కాదండీ. 1799లో టిప్పు పోయాక మైసూరు సరిహద్దు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఊరిగాం, మారికుప్పం వైపు బంగారం ఉందని విన్నాడు, చూపించినవాళ్ళకి బహుమానం ఇస్తానన్నాడు, ఊరివాళ్ళే మట్టి తెచ్చి ఆయన కళ్ళ ముందే కడిగి రేణువులు తీసి చూపించారు. ఆ తర్వాత 1873లో న్యూజిలాండ్ యుద్ధాల నుంచి వచ్చి బెంగళూరులో ఉంటున్న లావెల్ అనే ఐరిష్ సైనికుడు మైసూరు ప్రభుత్వాన్ని లైసెన్సు అడిగాడు. ఆయన దగ్గర అంత డబ్బు లేక హక్కులు చేతులు మారాయి, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు గనుల కంపెనీ దిగింది. వాళ్ళకి కూడా మూడేళ్ళు ఏమీ తగల్లేదు. 1883 నాటికి డబ్బు అయిపోవస్తుంటే కంపెనీ మనిషి కెప్టెన్ ప్లమర్ ఎప్పటిదో ఒక పాత గుంతని పట్టుకుని దాని కిందకే తవ్వుకుంటూ పోయాడు, అప్పుడు దొరికింది చాంపియన్ రీఫ్ అనే బంగారం ఉన్న రాతి పొర. అంటే కంపెనీకి దారి చూపించింది వందల ఏళ్ళ కిందట ఆ గుంత తవ్విన మనుషులే, వాళ్ళ పేరు ఒక్కటి కూడా ఎక్కడా లేదు, ఆ మాట రాయాల్సొచ్చిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

అపోహ: కాలిఫోర్నియాలో లాగా పళ్ళెం పట్టుకుని వెళ్ళినవాడల్లా కోటీశ్వరుడయ్యాడు.

నా బల్ల మీద ఒక రాయి ముక్క ఉంటుంది. నల్లగా, పొగ పట్టిన గాజులా ఉండే క్వార్ట్జ్, ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి బంగారం ఏదీ అని అడుగుతారు. కంటికి కనపడదు, కోలారు బంగారం చాలావరకు అలాంటిదే. రాయిని పేల్చాలి, పైకి లాగాలి, స్టాంప్ మిల్లులో (బరువైన ఇనుప రోకళ్ళతో దంచే యంత్రం) పిండి కొట్టాలి, పాదరసం పూసిన రాగి రేకుల మీద పారించాలి, రేకుకి అంటుకున్న ముద్దని గీకి కాల్చాలి, అప్పటికీ మిగిలిపోయిన దాన్ని సైనైడ్‌తో కరిగించాలి. ఇదంతా ఒక మనిషీ ఒక పళ్ళెం చేసే పని కాదు, కోట్ల పెట్టుబడి పని. ఇక్కడ గోల్డ్ రష్ (బంగారం కోసం ఎగబడటం) అంటూ జరిగింది లండన్ షేర్ మార్కెట్‌లో. ఆస్ట్రేలియాలో పేరున్న గనుల నిపుణుడు బ్రఫ్ స్మిత్‌ని పిలిపించి వాయనాడు చూపిస్తే 1880లో ఆశ పుట్టించే రిపోర్టు ఇచ్చాడు, దాన్ని పట్టుకుని పదుల కొద్దీ కంపెనీలు పుట్టుకొచ్చాయి, అక్కడి పందలూరు అడవిలో రాత్రికి రాత్రి పట్నం లేచింది, కొన్నేళ్ళలోనే దాదాపు అన్నీ మునిగాయి. నిలబడింది కోలారు.

అపోహ: కూలీలంతా తమిళులే, తెలుగువాళ్ళకి సంబంధం లేదు.

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరపడతారు. ఎక్కువ మంది తమిళ దళితులే, అది నిజం, ఆ గౌరవం వాళ్ళదే. కానీ రికార్డుల్లో "ఉత్తర ఆర్కాటు" అని కనపడగానే తమిళనాడు అని రాసేసుకోకండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంతకుముందు చిత్తూరు, పలమనేరు, మా కుప్పం ఉన్న కంగుంది జమీందారీ, ఇవన్నీ ఉత్తర ఆర్కాటే. ఊరి పేరు చూడకుండా జిల్లా పేరు చూసి లెక్కేస్తే మనవాళ్ళు కనపడకుండా పోతారు.

సినిమాలో చూపించినట్టు సంకెళ్ళు వేసి తుపాకులతో కాసిన బానిసలా అంటే, కాదు. కూలీలని కుదిర్చే మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్స్ ఇచ్చేవాడు, కరువులో ఆ డబ్బు తీసుకున్నవాళ్ళు అప్పు తీరేదాకా కదల్లేరు, సంకెళ్ళ అవసరం రాలేదు. ఉండటానికి తడికెల గుడిసెలు. అలాగని నోరు మూసుకుని పడి ఉన్నారనుకోవద్దు. 1930లో కంపెనీ అందరి వేలిముద్రలు తీసుకుంటామంది, దొంగల దగ్గర తీసుకున్నట్టు మా దగ్గర తీసుకుంటారా అని వేల మంది పని ఆపేశారు, సుమారు మూడు వారాలు కదల్లేదు, చివరికి కంపెనీయే వెనక్కి తగ్గింది. అప్పటికి వాళ్ళకి గట్టి యూనియన్ కూడా లేదు! 1946 నవంబర్ 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు, కేజీఎఫ్‌లో ఆ రోజుని ఇప్పటికీ తలుచుకుంటారు.

అపోహ: గని కూలడం వల్లే ఎక్కువ మంది పోయారు.

రాక్‌బర్స్ట్‌లు నిజమే, లోతుకి పోయేకొద్దీ ఒత్తిడికి రాయి తనంతట తానే బాంబులా పేలేది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి దిగింది మరి, అడుగున రాయి వేడి 60 డిగ్రీల పైన. కానీ చప్పుడు లేకుండా తీసుకుపోయింది దుమ్ము. 1940ల్లో 7653 మందిని పరీక్ష చేస్తే నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) తేలింది. మా తాతకి పరీక్ష ఏదీ జరగలేదు, ఇంట్లో అందరూ టీబీ అనే అనుకున్నారు, రాత్రిళ్ళు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

ఆసియాలో మొట్టమొదట కరెంటు వచ్చిన ఊరు కేజీఎఫ్ అని కూడా తెగ షేర్ చేస్తుంటారు. తప్పు, డార్జిలింగ్‌కి 1897లో, కలకత్తాకి 1899లోనే వచ్చింది. 1902 జూన్‌లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు లైను లాగి కోలారుకి కరెంటు తేవడం మాత్రం ఆ కాలానికి చాలా పెద్ద విషయం, అయితే అది తెచ్చింది గని యంత్రాల కోసం.

బంగారం పూర్తిగా అయిపోయి మూసేశారు అనేది కూడా సరికాదు. మొదట్లో టన్ను రాయికి 40 గ్రాముల పైమాటే వచ్చేది, చివరికి 3 గ్రాముల దగ్గరికి పడిపోయింది, అంత లోతు నుంచి తీసే ఖర్చుకి అది గిట్టదు. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది, అప్పటికి తీసింది సుమారు 800 టన్నులు.

ఒక్క విన్నపం. చిత్తూరు, కుప్పం, పలమనేరు వైపు మీ ఇంట్లో పాత పెట్టెల్లో కంపెనీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ గానీ, జీతం చీటీ గానీ, ఆసుపత్రి కాగితం గానీ ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. నంబరు కనపడేలా రెండు వైపులా ఫోటో తీసి, ఆ మనిషి పేరు, ఊరు పేరు మీ పెద్దవాళ్ళని అడిగి పక్కన రాసి పెట్టుకోండి.