అపోహలు – వాస్తవాలు: యోగ్యత వచ్చాకే ప్రభువు బల్లకు రావాలా?

ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం. ప్రసంగం ముగిసి, కానుకలు పట్టడం అయ్యాక, బల్ల మీద కప్పిన తెల్లని గుడ్డ తీయబోయే ముందు పాడే కీర్తన మొదలవగానే వెనుక వరుసల్లో కదలిక వస్తుంది. బాప్తిస్మం పొంది ఏళ్ల తరబడి సంఘంలో ఉన్నవారే బైబిలును సంచిలో పెట్టుకుని, తల వంచుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటారు. ప్రకాశం జిల్లా పల్లెల్లో కాపరిగా పనిచేయడం మొదలుపెట్టిన రోజుల్లో నేను దానిని అశ్రద్ధ అనుకుని ప్రసంగాల్లో గద్దించేవాణ్ణి. తరువాత ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి కూర్చుని అడిగితే అది అశ్రద్ధ కాదని, భయమని తెలిసింది. ఆ భయం వెనుక ఉన్న అపోహ చేసినంత నష్టం మరే అపోహా చేయడం నేను చూడలేదు కనుక ముందుగా, ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

అపోహ: "నేను అయోగ్యుణ్ణి, నా బ్రతుకు సరిదిద్దుకున్నాకే బల్లకు వస్తాను. అలా కాకుండా తీసుకుంటే జబ్బు వస్తుంది, ప్రాణం పోతుంది."

ఈ మాటకు ఆధారంగా అందరూ చూపించేది కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి కొరింథీయులు 11వ అధ్యాయమే. అయోగ్యముగా తిని త్రాగేవారికి అక్కడ హెచ్చరిక ఉన్న మాట నిజం. అది లేదని నేను చెప్పను. కానీ పౌలు రాసిన మాట "అయోగ్యముగా" అని ఉంది, "అయోగ్యుడు" అని లేదు. తీసుకునే మనిషి ఎలాంటివాడన్నది కాదు, తీసుకునే తీరు ఎలాంటిదన్నది అక్కడి విషయం. కొరింథులో ఆ తీరు ఏమిటో 21, 22 వచనాలు చెబుతున్నాయి: ఉన్నవారు ముందుగా వచ్చి తమ భోజనం తాము తినేస్తున్నారు, ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుడై ఉన్నాడు, పేదవారు అందరి ఎదుట సిగ్గుపడవలసి వస్తోంది. అందుకే 33వ వచనంలో అపొస్తలుడు చెప్పిన మందు, భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కొరకు ఒకరు కనిపెట్టుకొని ఉండండి అన్నదే. ఇక మనం ఎప్పుడూ సగంలో ఆపేసే 28వ వచనం చూడండి: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్నంతవరకు అందరికీ కంఠస్థమే, కానీ ఆ వాక్యం "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అని ముగుస్తుంది. పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపొమ్మని ఎక్కడా లేదు.

మొదటి బల్ల చుట్టూ కూర్చున్నది ఎవరో కూడా గుర్తుచేసుకోవాలి. కోడి కూయకముందే యేసును ఎరుగనని ముమ్మారు బొంకబోతున్న పేతురు అక్కడ ఉన్నాడు. ఆ రాత్రే విడిచి పారిపోబోయేవారు అక్కడ ఉన్నారు. వారు ఏమి చేయబోతున్నారో తెలిసే ప్రభువు రొట్టె విరిచి వారి చేతికిచ్చాడు.

ఒక పెద్దమ్మ పదకొండేళ్లు బల్లకు రాలేదు. ఆదివారం తప్పేది కాదు, స్త్రీల సమాజానికి అందరికంటే ముందు వచ్చేది, కానీ మొదటి ఆదివారం మాత్రం కీర్తన మొదలవగానే లేచి వెళ్లేది. ఒక సాయంత్రం వాళ్ల వసారాలో మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తలుపు దగ్గర నిలబడే చెప్పింది: "అయ్యగారూ, తోటికోడలితో మాటల్లేకుండానే ఆ రోజు బల్ల తీసుకున్నాను. వారం తిరక్కుండా నా పిల్లాడికి కామెర్లొచ్చాయి. దేవుడు నన్ను కొట్టబోయి వాడిని కొట్టాడు." ఆ వర్షాకాలంలో వాళ్ల వీధిలో ఇంకెవరికైనా వచ్చాయా అని అడిగితే, నాలుగిళ్లలో పిల్లలకు వచ్చాయని, అందరూ ఒకే కుళాయి నీళ్లు తాగేవారని తనే చెప్పింది. ఆ పిల్లవాడు కోలుకుని, పెరిగి, పెళ్లి చేసుకుని, ఇద్దరు బిడ్డల తండ్రి అయ్యాడు. తల్లి మాత్రం ఆ నేరాన్ని మోస్తూనే ఉంది. ఆమెకు ఈ భయం నూరిపోసింది ఎవరో ఒక ప్రసంగీకుడు కాదు. బల్ల తీసుకుని చచ్చిపోయినవాడి కథ ఒకటి ప్రతి ఊరిలోనూ తిరుగుతుంది, ఎవరు చూశారని అడిగితే ప్రతివారూ పక్క ఊరి పేరు చెబుతారు. ఇలాంటి వదంతులను సాక్ష్యం పేరుతో చెప్పేవారి విషయంలో నాకు ఓర్పు లేదు, ఎందుకంటే వాటి బరువు మోసేది చెప్పినవారు కాదు, ఇలాంటి తల్లులు.

తోటికోడలి సంగతి వేరే. దానిని నేను తేలికగా తీసిపారేయలేదు. అర్పణం బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పిన మాట ఆమెకు చదివి వినిపించాను, అయితే ఆ మాట "అటు తరువాత వచ్చి" అని కొనసాగుతుందని కూడా చూపించాను. ఆమె వెళ్లింది. తోటికోడలు తలుపు తీసింది కానీ పెద్దగా మాట్లాడలేదు. తన వంతు తాను చేసిందని, అవతలివారు ఎప్పుడు కరుగుతారన్నది ఆమె చేతిలో లేదని చెప్పి ఆ తరువాతి నెల బల్లకు రమ్మన్నాను. పళ్లెం ఆమె దగ్గరకు వచ్చినప్పుడు చిన్న గిన్నె పట్టుకున్న చెయ్యి వణికి, ద్రాక్షారసం చీర కుచ్చిళ్ల మీద ఒలికింది. ఆమె భయంతో నా ముఖంలోకి చూసింది. నేను ఇంకొక గిన్నె తెప్పించి ఇచ్చాను.

అపోహ: "మనసు లగ్నం కానప్పుడు చేసే ప్రార్థన వేషధారణ, అలవాటుగా చేసేది భక్తి కాదు, ఆచారం."

ఇది మొదటి అపోహకు తోబుట్టువే. అక్కడ యోగ్యత వచ్చేదాకా ఆగినట్టు ఇక్కడ ఆసక్తి వచ్చేదాకా ఆగుతారు, ఆ ఆగడంలోనే ఏళ్లు గడిచిపోతాయి. మత్తయి 6లో వేషధారి అని ప్రభువు ఎవరినన్నాడో చదవండి: మనుష్యులకు కనబడాలని వీధుల మూలల్లో నిలిచి ప్రార్థించేవాణ్ణి. తలుపు వేసుకుని, అలసిపోయి, మాటలు రాక మోకాళ్ల మీద ఉండిపోయినవాణ్ణి కాదు. దానియేలు ప్రాణం మీదికి వచ్చిన రోజున కూడా "యథాప్రకారముగా" ముమ్మారు మోకాళ్లూనాడు. యేసు విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లింది "తన వాడుక చొప్పున" అని లూకా 4:16 చెబుతుంది. అప్పగింపబడిన రాత్రి ఒలీవల కొండకు వెళ్లింది కూడా "తన వాడుక చొప్పున"నే. వాడుక అనే మాటను లూకా సిగ్గుపడకుండా రాశాడు.

మా నాన్నగారు ప్రభువునందు నిద్రించిన ఏడాది నేను ఆదివారం ప్రసంగించి, మిగిలిన ఆరు రోజులు నోరు తెరిచి ప్రార్థించలేకపోయాను. నాకు పని నేర్పిన పెద్దయ్యగారి దగ్గరకు వెళ్లి చెబితే ఆయన ఉపదేశం చేయలేదు. 88వ కీర్తన తీసి ఇచ్చి, రోజూ తెల్లవారుజామున ఇది పైకి చదువు, లోపల ఏమీ కదలకపోయినా ఫర్వాలేదు, అన్నారు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసే కీర్తన అది. చివర్లో స్తోత్రం కూడా లేదు. అయినా అది ప్రార్థనే, అది దేవునితో చెప్పిన మాటే. నేను మొదట చదివింది నా విశ్వాసంతో కాదు, పెద్దయ్యగారు చెప్పారు కనుక చదివాను. ఎన్ని వారాలకో గుర్తులేదు, ఒక ఉదయం ఆ కీర్తన అయిపోయిన తరువాత కూడా నేను లేవలేదు, నా సొంత మాటలతో మా నాన్నగారి గురించి దేవునికి చెప్పుకుంటూ ఉండిపోయాను.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను.

ఒక పెద్ద ఉజ్జీవ సభ జరిగితే చల్లారిన విశ్వాసం మళ్లీ రగులుతుందని చాలామంది ఎదురుచూస్తారు. మా ప్రాంతంలో అందుకు 1878 జూలై 3వ తేదీని చూపిస్తారు. ఆ రోజు గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది బాప్తిస్మం పొందారు. కానీ 1854 నూతన సంవత్సరపు తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, వారితోపాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు ప్రార్థనలో మోకరించిన సంగతిని దాని పక్కన పెట్టి చూడాలి. ఆ రెండు తేదీల మధ్య ఉన్నది ఒక్క సభ కాదు, 24 ఏళ్లు.

ఏడాదిలో బైబిలంతా చదవకపోతే చదివినట్టు కాదన్నది మరొకటి. 1,189 అధ్యాయాలు పూర్తి చేయాలని రోజుకు మూడు చొప్పున మొదలుపెట్టినవారు జనవరి 30కి ఆదికాండం, నిర్గమకాండం ముగించి, మర్నాడు లేవీయకాండంలో అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయి, నా వల్ల కాదని మొత్తం మానేస్తారు. ఆగిపోయినవారు మార్కు సువార్త తీయండి. అది 16 అధ్యాయాలే, రోజుకొకటి చాలు.

ఉపవాసంలో మందులు వేసుకుంటే ఉపవాసం చెడిపోతుందన్నది ప్రమాదకరమైన మాట. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా లెంట్ (ఈస్టరుకు ముందు నలభై రోజుల) ఉపవాసాలు మొదలుపెట్టవద్దు. కడుపు మాడ్చుకోలేనివారు మధ్యాహ్నం ఒక గంట ఫోను పక్కన పెట్టి ప్రార్థనలో కూర్చోవచ్చు, దానిని తక్కువ ఉపవాసం అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

పెద్దమ్మ సంగతి తరువాత మా సంఘంలో ఒక మార్పు చేశాను. మొదటి ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు మందిరం తెరిచి ఉంచి నేను అక్కడే కూర్చుంటున్నాను. బల్ల విషయంలో భయం ఉన్నవారు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు, మాట్లాడకుండా కూర్చుని వెళ్లినా అడగను. పోయిన నెల నలుగురు వచ్చారు. ఇద్దరు మర్నాడు బల్లలో పాలుపొందారు. ఒకాయన పొలం గట్టు తగాదా ఉన్న అన్న దగ్గరకు వెళ్లి వచ్చాకే అన్నాడు, వెళ్లాడని విన్నాను. నాలుగో ఆమె ఏమీ చెప్పలేదు, ఆదివారం కీర్తన మొదలవగానే ఎప్పటిలాగే లేచింది, కానీ ఈసారి చెప్పులు వేసుకోకుండా గుమ్మం బయట నిలబడి బల్ల అయ్యేవరకు వింది.