బ్యాకు ముందుకెళ్తే వెనక ఎవరుండాలి?

పర్లాకిమిడి ఫుట్‌బాల్ పోటీల్లో మా జట్టు ఓడినప్పటి నుంచి టీ కొట్టు దగ్గర ఒకటే చర్చ నడుస్తోంది: కుడి బ్యాకుగా, అంటే వెనక వరుసలో కుడి అంచును కాచే ఆటగాడిగా ఆడే సవర కుర్రవాడిని పక్కన పెట్టాలా, వద్దా? సున్నపు గీత వెంబడే పరుగెత్తి అతను గోల్ ముందుకు కొట్టిన క్రాస్ వల్లే మాకు ఒక్క గోలైనా దక్కింది. రెండో సగంలో అతను అవతలి కార్నర్ జెండా దగ్గర ఉండగా, వదిలి వెళ్లిన చోటు గుండానే రెండు గోల్స్ పడ్డాయి. బ్యాకన్నవాడు వెనకే ఉండాలని పెద్దవాళ్లు తేల్చేశారు. కానీ ఈ తగవు మా ఊళ్లో పుట్టింది కాదు.

1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఎడమ బ్యాకు నిల్టన్ సాంటోస్ ఆస్ట్రియా మీద ముందుకు దూసుకుపోయి గోల్ కొట్టాడు. అతను అలా వెళ్లగలగడానికి కారణం, అదే పక్క వింగర్‌గా, అంటే ముందు వరుసలో అంచు వెంబడి ఆడిన జగాలో అవసరమైనప్పుడు వెనక్కి వచ్చి కాచుకోవడం. ఇటలీలో కట్టుదిట్టమైన రక్షణకు పేరుపడ్డ ఇంటర్ మిలాన్‌లోనూ ఎడమ బ్యాకు ఫక్కెట్టి 1965-66 లీగ్‌లో 10 గోల్స్ చేశాడు. అందరి వెనకా పిక్కీ కాపలా ఉండేవాడు. ఆ ఫక్కెట్టే 1970 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ తరఫున ఆడుతూ, బ్రెజిల్ వింగర్ జైర్జిన్హోను వెంటాడుతూ లోపలికి జరిగిపోగా, ఖాళీ అయిన ఆ పక్క నుంచే బ్రెజిల్ కుడి బ్యాకు కార్లోస్ అల్బెర్టో నాలుగో గోల్ కొట్టాడు. బ్యాకు విడిచిన చోటు ఎంత ఖరీదైనదో, ముందుకొచ్చిన బ్యాకు ఎంత విలువైనవాడో ఒక్క గోల్‌లోనే కనిపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

2002 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఆటగాళ్లు కఫూ, రాబర్టో కార్లోస్ రెండు అంచులా ఎగబాకారంటే, వెనక నడిమధ్య కాచే సెంటర్‌బ్యాకులు ముగ్గురు నిలబడ్డారు. 2018-19 ప్రీమియర్ లీగ్‌లో 12 గోల్స్‌కు పాస్ అందించిన లివర్‌పూల్ కుడి బ్యాకు అలెగ్జాండర్-ఆర్నాల్డ్, 2022లో పారిస్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో తన వెనక నుంచి వచ్చి గోల్ కొట్టిన రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీషియస్‌ను చూసుకోలేకపోయాడు. మ్యాచ్‌లో పడ్డ గోల్ అదొక్కటే.

మన హైదరాబాదు రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు, తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌నే ముందు వరుసలో ఆడించారు. రెండో గోల్ అతనిదే. అతని చోటును మాత్రం ఖాళీగా వదలలేదు.

మా మైదానంలో ఆ రోజు కుడి హాఫ్‌గా, అంటే బ్యాకుకు ముందు ఆడుతూ అతను వెళ్తే ఆ చోటు కాయాల్సినవాడిగా ఆడిన నడివయసు మనిషి ఆయాసంతో మధ్య వృత్తం దాటి వెనక్కి రాలేకపోయాడు. ఓటమికి ఆయన్ను ఎవరూ తప్పుపట్టలేదు, నేనూ పట్టను. వచ్చే ఆదివారం ఆయన చోట పరుగు తీయగల ఒక కుర్రవాడిని నిలబెట్టి, సవర కుర్రవాడిని మళ్లీ గీత వెంబడి వదిలి చూడమని కోచ్‌గారిని అడిగాను.