బీటెక్ లేకుండా మెషిన్ షాపులో ఇంజినీర్ పని: ఆటోనగర్‌లో నేను తరచూ వినే అపోహలు

ఇంటర్ మధ్యలో ఆగిపోయాక, పద్దెనిమిదేళ్ల వయసులో విజయవాడ ఆటోనగర్‌లో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మెషిన్) దగ్గర హెల్పర్‌గా చేరాను. ఇప్పుడు అదే ఆటోనగర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) ప్రోగ్రామింగ్, ప్లానింగ్ చూస్తున్నాను. డ్రాయింగ్ చేతికొచ్చిన దగ్గర్నుంచి జాబ్, అంటే మెషిన్ మీద చేసే ముక్క, బండెక్కే దాకా బాధ్యత నాదే. "అన్నా, నాకు డిగ్రీ లేదు, ఈ లైన్లోకి రావచ్చా?" అని కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. అడిగేలోపే వాళ్లు ఎక్కడెక్కడో విని నమ్మేసినవి కొన్ని ఉంటాయి. వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: డిగ్రీ లేకపోతే ఇంజినీర్ పని ఎవరూ ఇవ్వరు

ఎవరి దగ్గర అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ నోటిఫికేషన్‌లో డిప్లొమా అనో బీటెక్ అనో రాసి ఉంటే, మీకు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా అప్లికేషన్ ముందుకు పోదు. పెద్ద కంపెనీల్లోనూ చాలావరకు అంతే. వాటి మీద ఆశ పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోకండి. కానీ పది, ఇరవై మంది పనిచేసే షాపులో ఓనర్‌కు కావలసింది వేరు. రాత్రి వచ్చిన డ్రాయింగ్ చూసి, ఏ మెషిన్ మీద ఏ వరసలో చేయాలో, ఎంత టైం పడుతుందో, పార్టీకి (కస్టమర్‌కు) రేటు ఎంత చెప్పాలో తెల్లారేసరికి చెప్పగలిగే మనిషి కావాలి, ఆ మనిషి తేలిగ్గా దొరకడు.

నేను ప్రోగ్రామింగ్‌లోకి వస్తానని అడిగినప్పుడు మా ఓనర్‌గారు సర్టిఫికెట్ చూపించమనలేదు. షాఫ్టు డ్రాయింగ్ ఒకటి టేబుల్ మీద పరిచి "ఇక్కడ 40 కే6 అని ఉంది, ఎంతకు తీస్తావ్?" అన్నారు. "బేరింగ్ టైట్‌గా కూర్చునేలా తీస్తానండీ" అన్నాను. ఆయన ఏమీ అనకుండా డ్రాయింగ్ మడిచి సొరుగులో పెట్టేశారు. కే6 అంటే ఎంత తేడా వరకు ఫర్వాలేదో చెప్పే గుర్తు, 40.002 నుంచి 40.018 మిల్లీమీటర్ల లోపు అని చెప్పాల్సింది. మళ్లీ ఆ టేబుల్ ముందు నిలబడడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

అపోహ: చేతిలో పని ఉంటే లెక్కలు అక్కర్లేదు

ఎక్కువ మందిని ఉన్నచోటే ఆపేసేది ఇదే. వినడానికి మనకు అనుకూలంగా ఉంటుంది కాబట్టి తొందరగా నమ్మేస్తాం, నేనూ నమ్మాను.

అప్పటికి నాలుగేళ్ల అనుభవం ఉంది నాకు. మే నెల. పత్తి సీజన్ లేనప్పుడే జిన్నింగ్ మిల్లుల వాళ్లు రిపేర్లు పెట్టుకుంటారు, అలా గుంటూరు వైపు నుంచి ఆరు స్టీలు బేరింగ్ హౌసింగ్‌లు వచ్చాయి. 6308 బేరింగ్, దాని బయటి డయా 90 మిల్లీమీటర్లు. డ్రాయింగ్‌లో బోరు (బేరింగ్ కూర్చునే రంధ్రం) 90 హెచ్7, అంటే 90.000 నుంచి 90.035 లోపు రావాలి. ఆ రోజు కూలెంట్ (చల్లబరిచే ద్రవం) పంపు పనిచేయక డ్రైగానే బోరింగ్ చేశాను, చేసిన వెంటనే బోర్ గేజ్ పెట్టి చూస్తే 90.010. బాగా వచ్చిందనుకుని ఆరూ అలాగే చేసి పంపేశాను. మర్నాడు మిల్లు నుంచి ఫోన్, బేరింగ్ దిగట్లేదని. వెనక్కి తెప్పించి కొలిస్తే 89.983 ఉంది. గేజ్ తప్పేమో అనుకున్నాను, మెషిన్ తప్పేమో అనుకున్నాను, ఆ టెన్షన్‌లో అన్నం కూడా తినలేదు. మా మేస్త్రిగారు వచ్చి జాబ్ మీద అరచెయ్యి ఆనించి "కాలుతున్నప్పుడు కొలిచావట్రా?" అని ఒక్కమాట అడిగారు.

స్టీలు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవుకు సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. చల్లారిన జాబ్ కంటే 25 డిగ్రీలు వేడి మీద ఉంటే 90 మిల్లీమీటర్ల బోరు 27 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. 90.010లోంచి 0.027 తీసేయండి, ఎంతొస్తుందో చూడండి. ఇంకో నాలుగేళ్లు లేత్ తిప్పినా ఈ సంగతి నా చేతికి తెలిసేది కాదు, లెక్క వేస్తేనే తెలుస్తుంది.

స్పీడూ అంతే. 40 డయా షాఫ్టును నిమిషానికి 150 మీటర్ల కటింగ్ స్పీడుతో తీయాలంటే సుమారు 1200 ఆర్‌పీఎం. అదే 1200 పెట్టి 80 డయా తిప్పితే కటింగ్ స్పీడు 300 మీటర్లకు పోతుంది, ఇన్సర్ట్ (టూల్ కొసన ఉండే కోసే ముక్క) కాలిపోతుంది. సీఎన్‌సీలో జీ96 (కటింగ్ స్పీడు మారకుండా ఆర్‌పీఎంను మార్చే కమాండ్) పెట్టి, జీ50తో స్పీడుకు లిమిట్ ఇవ్వడం మర్చిపోతే ఇంకా ప్రమాదం. ఫేసింగ్‌లో (జాబ్ చివరి ముఖాన్ని చదును చేసేటప్పుడు) టూల్ సెంటర్‌కు వచ్చేకొద్దీ స్పిండిల్ దాని గరిష్ఠ స్పీడుకు వెళ్లిపోతుంది, పట్టు చాలకపోతే జాబ్ దాన్ని పట్టుకునే చక్‌లోంచి ఎగిరి వస్తుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

వీటికి కావలసింది పదో తరగతి లెక్కలే. టేపర్‌కు (ఏటవాలుకు) టాన్, స్పీడుకు వృత్తం చుట్టుకొలత, ఫిట్స్‌కు (ఎంత బిగువు, ఎంత వదులు అన్నదానికి) పట్టిక చూడడం. ఐటీఐ వాళ్లకు నిమి అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వేసే టర్నర్, మెషినిస్ట్ పుస్తకాల్లో ఇవన్నీ ఉంటాయి. నేను వాటితోనే మొదలుపెట్టాను, తర్వాత ఎన్‌పీటెల్ (ఐఐటీల ఉచిత పాఠాల) వీడియోలు చూశాను, ఒక్కో పాఠం మూడేసి సార్లు.

అపోహ: ఇంగ్లీష్ రాకపోతే కష్టం

డ్రాయింగ్‌లో ఉండేవి గుర్తులు, అంకెలు. మెషిన్ ఇచ్చే అలారం మాటలు మహా అయితే ఒక నోట్‌బుక్కు సరిపోతాయి, కనపడినప్పుడల్లా రాసుకోండి.

అపోహ: ఏదో ఒక సర్టిఫికెట్ కొనుక్కుంటే సరిపోతుంది

వద్దు. నాకు తెలిసిన ఒకబ్బాయి ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి వేరే రాష్ట్రం డిప్లొమా తెచ్చుకున్నాడు. వెరిఫికేషన్‌లో అది దొంగదని తేలి, పనిమంతుడై ఉండి కూడా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సరైన దారులు ఉన్నాయి. పనిచేస్తున్న ట్రేడ్‌లో అనుభవం చూపించి ఆల్ ఇండియా ట్రేడ్ టెస్టును (ఐటీఐ వాళ్లు రాసే పరీక్షను) ప్రైవేట్ అభ్యర్థిగా రాయొచ్చు, షరతులేమిటో ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి కనుక్కోండి. ఐటీఐ చేసినవాళ్లు బ్రిడ్జి కోర్సు చేసి ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చు.

పెద్దవాళ్లు ఇప్పటికీ "ఏఎంఐఈ కట్టరా, బీటెక్‌తో సమానం" అంటారు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే పరీక్షలవి, ఒకప్పుడు నిజమే. కేంద్రం ఆ గుర్తింపును 2013 మే 31 వరకు నమోదైనవాళ్లకే పరిమితం చేసింది. ఇప్పుడు కడితే విషయం నేర్చుకోవడానికి పనికొస్తుందేమో గానీ, డిగ్రీతో సమానమన్న లెక్కతో మాత్రం కట్టకండి.

అపోహ: పని వస్తే ఏ పనైనా చేసేయొచ్చు

లేత్ మీద అవును, కరెంటు దగ్గర కాదు. ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ పనికి పర్మిట్ ఉండాలి, బాయిలర్ మీద వెల్డింగ్ చేయాలంటే దానికి పరీక్ష పాసైన వెల్డర్ అయ్యుండాలి. ప్రాణాలతో పని కాబట్టి పెట్టిన రూల్స్ ఇవి, ఓనర్ బతిమాలినా ఒప్పుకోకండి.

చివరగా ఒకటి. పనిచేసిన ప్రతి షాపు నుంచీ లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ మెషిన్ మీద ఏం చేశారో రాయించుకుని సంతకం, స్టాంపు వేయించుకోండి. మానేసే రోజే అడగండి. నేను మొదట మూడేళ్లు పనిచేసిన షాపు తర్వాత మూసేశారు. పరీక్షకు అప్లికేషన్ పెట్టేటప్పుడు ఆ మూడేళ్లు చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.