జాడీలో మామిడి, కుండలో మామిడి

చిట్టికి, తమ్ముడికి, మీ వాటా పక్కన ఉండే పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మిమ్మల్ని గుంటూరు బస్సు ఎక్కిస్తున్నప్పుడు చిట్టి కిటికీలోంచి ఒక ప్రశ్న విసిరింది. "తాతయ్యా, మామిడి తొక్కలు కుండలో వేస్తే రెండు నెలల్లో మట్టి అయిపోతాయన్నావు. ఆవకాయ కూడా మామిడికాయే కదా, అది ఏడాదైనా ఎందుకు మట్టి కాదు?" అదృష్టం, బస్సు కదిలింది. బతికానురా అనుకుంటూ చెయ్యి ఊపాను. ఇంటికి వస్తూ బందరు కాలువ వంతెన దాటుతుంటే మనసులో మళ్లీ అదే ప్రశ్న. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, మనవరాలికి ఊరగాయ సంగతి చెప్పలేకపోతే ఎలా? రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమ్మమ్మ ఆవకాయ పెట్టిన రోజు గుర్తు తెచ్చుకోండి. కాయలు కడిగింది, గుడ్డతో తుడిచింది, ఫ్యాను కింద ఆరబెట్టింది. ముక్కలు కొట్టించాక జీడి తీసేసి, టెంక మీది పొర గీరి, ఒక్కొక్క ముక్కనూ మళ్లీ తుడిచింది. తమ్ముడు చెయ్యి కడుక్కుని, ఆ తడి చేత్తోనే ముక్క తీయబోతే వీపు మీద ఒకటి పడింది. ఆ దెబ్బలోనే ఉంది చిట్టి ప్రశ్నకు జవాబు.

మామిడికాయను మట్టి చేసేది మట్టి కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు. చెంచాడు మంచి మట్టిలో కోట్ల కొద్దీ ఉంటాయి. వాటికి తిండితో పాటు నీరు కావాలి, చాలావాటికి గాలి కూడా కావాలి. అమ్మమ్మ ఏం చేసింది? ఉప్పు వేసింది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది, ఆ సూక్ష్మజీవుల ఒంట్లోని నీటిని కూడా లాగేస్తుంది. పైన నూనె తేలేలా పోసింది, గాలికి దారి లేదు. ఆవపిండి ఘాటు ఎలాగూ ఉంది. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, గిన్నెకు కాస్త తక్కువ ఉప్పు, ఇదీ మన ఇంటి పాళ్లు. అంత కట్టుదిట్టం చేశాక ఆ సూక్ష్మజీవులు జాడీలోకి వచ్చి బతకలేవు. తడి గరిటె ఒక్కసారి పెట్టి చూడండి, వారంలో పైన తెల్లగా బూజు. (చూడమన్నానని నిజంగా పెట్టకండి. ఈసారి దెబ్బ నాకు పడుతుంది.)

మన డాబా మీది ఎరువు కుండ సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ ఆ సూక్ష్మజీవులను రావద్దని కాదు, రమ్మని పిలుస్తున్నాం. అందుకే కుండకు పక్కల బెజ్జాలు పెట్టించాను. అందుకే ఉప్పు, నూనె, మిగిలిపోయిన ఊరగాయ అందులో వెయ్యను.

కానీ ఈ తెలివి నాకు మొదట్లో లేదు. నిరుడు కుండ మొదలుపెట్టినప్పుడు కూర తొక్కలు, మిగిలిన అన్నం, పుచ్చకాయ డిప్పలు అన్నీ వేసి మూత పెట్టాను. పదో రోజుకు కింద వాటా ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని పైకి వచ్చారు. మూత తీస్తే పురుగులు. కుండ పారేద్దామనుకుంటుంటే అమ్మమ్మ తొంగి చూసి, "ముక్కలు తుడవకుండా నేను జాడీలో వేస్తానా? పాళ్లు లేకుండా కలుపుతానా?" అంది. అంతే. ఎరువు కుండకూ పాళ్లున్నాయి! ఒక దోసెడు తడి తొక్కలకు రెండు దోసిళ్ల ఎండుటాకులు. ఆకులు దొరకకపోతే చింపిన వార్తాపత్రిక, కొబ్బరి పీచు. నాలుగు రోజులకొకసారి కర్రతో కలపాలి. పిడికిట్లో పిండితే తడి తగలాలి గాని నీళ్లు కారకూడదు. అమ్మమ్మ పిండిలో నూనె చాలిందో లేదో చూసే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. పాత ఎరువు ఒక గుప్పెడు కలిపితే త్వరగా అందుకుంటుంది, పాలకు తోడు వేసినట్టు. చూశారా, జాడీ నుంచి పెరుగు గిన్నెలోకి వచ్చేశాను. పోలిక ఎక్కువ దూరం లాగితే ఇంతే.

తెనాలి దగ్గర మా ఊళ్లో ఈ కుండలు లేవు. ప్రతి ఇంటి వెనుకా పెంటదిబ్బ ఉండేది. పేడ, చిట్టు, ఆకులు, పొయ్యిలో బూడిద అన్నీ అక్కడికే. ధనుర్మాసం చలిలో పొద్దున్నే చూస్తే దిబ్బ మీద నుంచి ఆవిరి లేచేది. లోపల ఎవరో అన్నం వండుతున్నారని మా చెల్లెలు గట్టిగా నమ్మింది. నేను నవ్వాను గాని, అది చెప్పిందే నిజమని తర్వాత తెలిసింది. ఆ సూక్ష్మజీవులు తింటున్నప్పుడు పుట్టే వేడే అది. వేసవిలో ఆ ఎరువు బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లం. బండి మీద కూర్చునే హక్కు నాదే.

ఇంకో సంగతి. అప్పట్లో కొట్లో చక్కెర, పప్పులు కాగితం పొట్లాల్లో పురికొసతో కట్టి ఇచ్చేవారు. నూనెకు సీసా మనమే తీసుకెళ్లాలి. పొట్లం విప్పాక ఆ కాగితం నాది. దాని మీద ఏదో పత్రికలో కథ ఉండేది, మొదలూ ఉండదు, చివరా ఉండదు. అడవిలో పులి ఎదురుపడిన రాకుమారుడు పావుశేరు కందిపప్పు దగ్గరే ఆగిపోయాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. మళ్లీ అదే పేజీ తర్వాతి భాగం దొరుకుతుందేమోనని అవసరం లేకపోయినా కొట్టుకు పరిగెత్తేవాణ్ని. ఆ కాగితం చివరికి పొయ్యిలోకో దిబ్బలోకో పోయేది. మా ఇంట్లో చెత్తబుట్ట ఉన్నట్టే నాకు గుర్తు లేదు.

ఇప్పుడు బందరు కాలువ సంగతి. వేసవి కదా, నీరు కట్టేస్తే అడుగు బయటపడింది. వంతెన మీద నిలబడి చూశాను. జనం దేవుడికి పెట్టిన పూలూ, అరటి డిప్పలూ, కొబ్బరి పీచూ ఏడాది పొడుగునా అందులో వేస్తూనే ఉంటారు. అవేవీ కనిపించలేదు. కనిపించినవి కవర్లు. వాటిని తినే నోరు మన సూక్ష్మజీవులకు లేదనే చెప్పాలి. అటు ఉప్పులో ఊరవు, ఇటు కుండలో కుళ్లవు, ఎండకు పెళుసెక్కి చిన్న చిన్న ముక్కలవుతాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, స్పూన్ల వంటివి దేశమంతా నిషేధం. ఆ ఏడాది చివరి రోజు నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచటి ప్లాస్టిక్ సంచులు కూడా కూడదు. అయినా కరివేపాకు రెబ్బ కొన్నా కవరులోనే ఇస్తున్నారు, మనమూ పుచ్చుకుంటున్నాం. నేను పటమట రైతుబజారుకు గుడ్డ సంచి తీసుకెళ్తాను. మరిచిపోతే ఇంటికి తిరిగి వెళ్లి తెచ్చుకుంటాను. రెండుసార్లు అలా నడిస్తే మూడోసారి మరుపు రాదు.

కవరులో తొక్కలు వేసి ముడి వేసి వీధిలో పడేయడం మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. ఆవుకు ముడి విప్పడం రాదు. కవరుతో సహా మింగేస్తుంది. చెత్త బండివాళ్లకు తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వాలని 2016 నాటి చెత్త నియమాల్లోనే చెప్పారు. కలిపి ఇస్తే అన్నీ కలిసి పెద్ద గుట్టగా పోగుపడి, లోపల గాలి అందక కుళ్లుతాయి. అప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్క తీస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మన బెజవాడ ఎండలకు ఇంకా వేడి అవసరమా చెప్పండి. ఈ లెక్క చిట్టికి. తమ్ముడు చదవకపోయినా ఫరవాలేదు.

ఇంకేమైనా చెయ్యాలా అని అడుగుతారు. నీళ్లు శుద్ధి చేసే మిషను పక్క గొట్టంలోంచి పోయే నీళ్లు బకెట్టులో పట్టి ఇల్లు తుడవండి. ఏసీ 24 దగ్గర పెట్టి ఫ్యాను తిప్పండి. మిగతావి మీ అమ్మకు తెలుసు, నా దగ్గర నేర్చుకున్నవే.

అసలు సంగతి చివరికి దాచాను. మీరు వెళ్లిన మూడో రోజు కుండ కలుపుతుంటే కర్రకు ఏదో అడ్డం తగిలింది. తమ్ముడు తిని పడేసిన నూజివీడు చిన్నరసం టెంక. పీచంతా నల్లబడి, అంచు విచ్చుకుని, లోపలి నుంచి తెల్లటి వేరు. పక్కన రాగి రంగులో మడతపెట్టుకున్న రెండు ఆకులు, వేలితో తాకితే పట్టులా ఉన్నాయి. చుట్టూ తొక్కలన్నీ కరిగిపోతుంటే ఇదొక్కటి ఎందుకు కరగలేదో, ఆ సూక్ష్మజీవులు దీన్ని ఎలా గుర్తుపట్టి వదిలేశాయో చిట్టి అడుగుతుందని తెలుసు. బతికున్న గింజ తనను తాను కాచుకుంటుందని పుస్తకంలో ఉంది. ఆ ఆకులను చూస్తూ కూర్చుంటే నాకు పుస్తకం గుర్తు రాలేదు.

ఆదివారం నాన్నగారు వస్తే ఒక కుండ, గుప్పెడు పాత ఎరువు ఇచ్చి పంపిస్తాను. మీ బ్రాడీపేట మేడ మీద నీడ పడే మూల చూసి పెట్టండి. పాళ్లు పైన రాశాను. పది రోజులయ్యాక, పొద్దున్నే, ఎండ రాకముందు, మూత తీసి మధ్యలో వేలు పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే వెంటనే నాకు ఫోను చెయ్యండి. ముందు చెయ్యి కడుక్కోండి.

మీ
తాతయ్య,
విజయవాడ