రేవు దాటితే చెల్లని చట్టం

గోదావరి జిల్లాల పత్రికానుబంధాల్లో ఏటా పలుమార్లు కనిపించే వార్త ఒకటి ఉంది. బల్ల మీద సీసాలు వరుసగా పేర్చి ఉంటాయి. వాటి వెనుక నలుగురైదుగురు అధికారులు చేతులు కట్టుకొని నిలబడతారు. ఒక పక్కన తువ్వాలుతో ముఖం కప్పుకొన్న కుర్రవాడొకడు తల దించుకొని ఉంటాడు. పైన శీర్షిక ‘యానాం మద్యం పట్టివేత’. ప్రభుత్వాలు మారాయి, మద్యం విధానాలు తలకిందులయ్యాయి, ఈ ఫొటో మాత్రం మారలేదు. దీని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలంటే ఎక్సైజు శాఖ ఉత్తర్వులు తిరగేస్తే చాలదు. తొంభై ఏళ్ళ పైచిలుకు వెనక్కి, మద్యంతో ఏ సంబంధమూ లేని ఒక చట్టం దగ్గరికి వెళ్ళాలి.

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట, ఉత్తరపు గట్టున ఉన్న యానాం మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్ల నేల. ఫ్రెంచివారు 18వ శతాబ్ది తొలి దశకాల్లో అక్కడ వర్తకస్థావరం పెట్టుకొన్నారు. చుట్టూ ఉన్న డెల్టా అంతా బ్రిటిషువారి పాలనలోకి వెళ్ళినా ఆ ముక్క వారి చేతిలోనే మిగిలింది. కాకినాడ అక్కడికి 30 కిలోమీటర్లు. పాలించే పుదుచ్చేరి మాత్రం 800 కిలోమీటర్లకు పైమాటే. యానాం మంగళవారం సంతకు సీమ సరుకు (విదేశీ సరుకు) కోసం, సుంకం కట్టని సరుకు కోసం చుట్టుపక్కల జనం తరలివెళ్ళేవారు. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే, ఏటి నీరూ ఒకటే, చట్టం ఒక్కటే వేరు. ఇంతకన్నా అనువైన ఏర్పాటు మనవాళ్ళకు మరొకటి దొరకదు.

ఆ అనువు సంతను దాటి పెళ్ళిపందిరి దాకా వచ్చింది 1930లో. బాల్యవివాహ నిరోధక చట్టాన్ని, ప్రతిపాదించిన హరబిలాస్ శారదా పేరు మీదుగా, మన ఇళ్ళలో శారదా చట్టం అన్నారు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్నది దాని సారం. 1929 సెప్టెంబరులో ఆమోదం పొందినా 1930 ఏప్రిల్ 1 నుంచి గానీ అమలులోకి రాలేదు. చేయదలచినవారు ఈలోగా చేసుకోండని ఆరు నెలలు ముహూర్తం పెట్టి చెప్పినట్టే అయింది. దేశమంతటా పసిపిల్లల పెళ్ళిళ్ళు వెల్లువెత్తాయి. 1931 జనాభా లెక్కల్లో పెళ్ళయిన చిన్నపిల్లల సంఖ్య పెరిగి కనిపించింది. ‘శారదా చట్టం వస్తోందని హడావిడిగా నా మెడలో పుస్తె కట్టించేశారు’ అని చెప్పుకొనే ముత్తవ్వలు డెల్టా ఊళ్ళలో మొన్నమొన్నటి వరకు ఉన్నారు.

చట్టం వచ్చాక కూడా భయపడవలసినంత ఏమీ లేదు. జరిగిన పెళ్ళి చెల్లకుండా పోదు. శిక్ష గరిష్ఠంగా నెల రోజుల సాధారణ ఖైదు, వెయ్యి రూపాయల జరిమానా. ఎవరో ఒకరు పూనుకొని ఏడాదిలోగా ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం కేసు చేపట్టదు. ఊళ్ళో పెళ్ళిభోజనం తిన్నవాడు ఫిర్యాదు చేస్తాడా? శాసనం చేసిన ప్రభుత్వానికి కూడా ఛాందసుల ఆగ్రహం కొనితెచ్చుకొని దాన్ని గట్టిగా అమలు చేయాలన్న ఉబలాటం లేదు. అయినా పరువు గల ఇంటికి నెల రోజుల జైలు నామోషీయే కాబట్టి, ఏరు దాటించే పంటు (పెద్ద పడవ) ఖర్చు భరించగలిగినవారు యానాం రేవుకు దారి పట్టారు. స్థానికుల కులాచారాల్లో తాము తలదూర్చమన్నది ఫ్రెంచి పాలకుల పద్ధతి. అందువల్ల ఏటికి ఇవతల నేరమైనది అవతలి గట్టున శుభకార్యమైంది. పంటు మీద సన్నాయివాళ్ళూ, కావిళ్ళలో సారె బిందెలూ, ఎవరి భుజం మీదో బాసికంతో సహా నిద్రపోతున్న పెళ్ళికూతురూ ఆ ప్రయాణంలో ఎలా ఉండి ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇది జరిగిన చోటు కూడా గమనించదగినది. బాల్యవివాహాల వల్ల ముక్కుపచ్చలారని వితంతువులు మిగులుతున్నారని ఘోషించి, 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన రాజమహేంద్రవరం అదే గోదావరికి ఎగువన ఉంది. ఆయన పేరు సభల్లో తలచుకొనే పెద్దమనుషుల్లోనే కొందరు యానాంలో విడిది మాట్లాడుకొని ఉంటారన్నది నా అనుమానం మాత్రమే, సాక్ష్యం అడగవద్దు. బ్రిటిషిండియా ప్రజలు సరిహద్దు దాటి చేసినా చట్టం వర్తిస్తుందని దాన్ని సవరించింది 1938లో. కన్నం ఎక్కడుందో అందరికీ మొదటి ఏడాదే తెలుసు, పూడ్చడానికి మాత్రం ఎనిమిదేళ్ళు పట్టింది.

తరువాత సరుకు మారింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదికల్లా మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. తాటిచెట్టు కనపడని గట్టు లేని డెల్టాలో కల్లు నేరమైపోగా, యానాంలో ఫ్రెంచి జెండా కిందే ఉన్న దుకాణాలకు ఆ నిషేధంతో పని లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి కల్లుగీత కార్మికుల బతుకు పెద్ద రాజకీయ ప్రశ్న అయింది. నిషేధాన్ని పరిశీలించడానికి ప్రకాశం ప్రభుత్వమే రామమూర్తి సంఘాన్ని నియమించింది. ఆ సంఘం నిషేధం ఎత్తివేయమంది. ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చేయలేదు. అడిగి తెచ్చుకొన్న సలహా నచ్చకపోతే అటక మీద పెట్టే అలవాటు మనకు కొత్తది కాదు. అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి, 1954 నవంబరు తొలి వారంలో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. సరిగ్గా ఆ నవంబరు 1నే యానాం భారత పరిపాలనలోకి వచ్చింది. ఒకే వారంలో ఇక్కడ కల్లు మీద ప్రభుత్వం కూలింది, అక్కడ పాలన చేతులు మారింది. విలీనమైన యానాం పక్కనున్న తూర్పు గోదావరిలో కలవలేదు. పుదుచ్చేరితోనే ఉండిపోయి, కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై, తన ఎక్సైజు తాను నడుపుకొంటోంది.

ఆంధ్ర ప్రాంతంలో ఆ నిషేధం 1960ల చివరికి సడలిపోయింది. 1980ల్లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా పాకాక, 1993 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో మళ్ళీ గెలిచిన రామారావు సంపూర్ణ మద్యనిషేధం దస్త్రం మీద తొలి సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలయింది. వాహిని తెచ్చిన చేయే దానికి ఆనకట్ట కట్టింది. ఆ రెండేళ్ళు యానాం వైభవం చూసినవారెవరూ మరచిపోలేదు. యానాంకు ఎదుటి గట్టున ఉన్న ఎదుర్లంక రేవులో సాయంత్రం పంటుకు చోటు దొరికేది కాదు. తిరుగు పంటులో వచ్చేవారి సంచులు తనిఖీ చేసేవారు గానీ, కడుపులో మోసుకొచ్చే సరుకు పట్టుకొనే సెక్షను ఏదీ లేదు. కాళ్ళు తడబడుతున్న మనిషిని ‘ఏటి గాలి, బాబూ’ అని పక్కవాడు సమర్థించి దింపడం నేను చూశాను. నిషేధం 1997లో పోయింది. ఖజానా నిండుకొంటోందని చెప్పారు. అమలుకు ముందు ఆ లెక్క ఎవరికీ తెలియదన్నట్టుగానే చెప్పారు.

2019 నాటి దశలవారీ నిషేధం కథ ఇంకా చిత్రమైనది. అయిదేళ్ళలో మద్యాన్ని నక్షత్రాల హోటళ్ళకే పరిమితం చేస్తామని గెలిచిన ప్రభుత్వం ఆ అక్టోబరు నుంచి దుకాణాలు తానే నడిపింది. 2020 మే నెలలో రెండు రోజుల వ్యవధిలో ధరలు 75 శాతం పెంచింది. ధర పెరిగితే తాగడం తగ్గుతుందని వివరించింది. ఆపైన మద్యం మీద రాబోయే ఆదాయాన్ని హామీగా చూపి అప్పులు తెచ్చింది. మానిపిస్తానన్న అలవాటును రానున్న ఏళ్ళకు తాకట్టు పెట్టడం ఆర్థికశాస్త్రంలో కొత్త అధ్యాయమే. యానాం దారి మళ్ళీ కిక్కిరిసింది. అప్పటికి గౌతమి మీద బాలయోగి వారధి ఉంది కాబట్టి పంటు కోసం కాచుకోనక్కర్లేదు. పొరుగు రాష్ట్రం నుంచి మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని ఉన్న పాత ఉత్తర్వును ఆ ఏడాది హైకోర్టు గుర్తు చేస్తే, కొద్ది వారాల్లోనే ప్రభుత్వం ఆ ఉత్తర్వునే మార్చివేసింది. పట్టుకొన్న సీసాలను రోడ్డు మీద పేర్చి రోలరుతో తొక్కించడం, కెమెరాల ముందు ఆ గాజు పెంకుల చప్పుడు, ఆ రోజుల్లో మామూలు దృశ్యం.

ప్రతిపక్షంలో ఉన్నవారు దీన్ని తిట్టింది నిషేధం అమలు కాలేదని కాదు, సరుకు బాగాలేదనీ ధర ఎక్కువనీ. నాణ్యమైన మద్యం తక్కువ ధరకు ఇస్తామని సభల్లో బాహాటంగా చెప్పి 2024లో గెలిచారు. చెప్పింది చేశారని ఒప్పుకోవాలి. ఆ అక్టోబరు 16 నుంచి 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకొన్నాయి, క్వార్టరు 99 రూపాయలకు వచ్చింది. లాటరీలో పాల్గొనడానికి ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షల రూపాయలు కట్టాలి, దుకాణం రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అయినా వేల మంది కట్టారు. నిషేధానికి ఊరేగింపులు తీసిన ఊళ్ళలోనే దుకాణం తగిలినవారికి పూలదండలు పడ్డాయి.

యానాం అంగళ్ళు దీనికి దిగులు పడి మూసుకోలేదు, వారికి అమ్ముకోవడానికి ఇంకోటి ఉంది. పుదుచ్చేరి పన్ను తక్కువ కావడంతో అక్కడ పెట్రోలు మన ధర కన్నా లీటరుకు పది రూపాయలకు పైగా చవక. సాయంత్రం వారధి దిగే చోట తనిఖీవాళ్ళు ఒక మోటారుసైకిలును ఆపి, డిక్కీ తెరిపించి, టిఫిను క్యారేజీ మూత కూడా తీయించి చూసి, ‘ఏమీ లేదు, పో’ అన్నారు మొన్న. గొంతు దాకా యానాం పెట్రోలు పోయించుకొన్న ఆ బండి దర్జాగా ముమ్మిడివరం వైపు సాగిపోయింది.