టైర్లు ముందా, ఇంజిన్ ముందా? పాత పికప్‌ను హాట్ రాడ్‌గా మార్చడంలో అపోహలు - వాస్తవాలు

"ఇంజిన్ తెచ్చేశాం. దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే మౌంట్లు ఎక్కడ వెల్డ్ చేయాలి?"

1947-54 నాటి షెవర్లే హాఫ్ టన్ను పికప్ ఒకటి సంపాదించి, అందులో ఎల్‌ఎస్ వీ8 (జనరల్ మోటార్స్ వారి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) దించి హాట్ రాడ్ (శక్తిమంతమైన ఇంజిన్‌తో కొత్తగా మలిచిన పాత బండి) చేయాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. "టైరు ఎత్తు ఎంత?" అని తిరిగి అడిగితే మొహం చిట్లిస్తారు. టైర్లదేముంది, ఆఖర్న ఏవో ఒకటి తొడగొచ్చు కదా అంటారు. ఈ పనిలో డబ్బునూ కాలాన్నీ అన్నిటికంటే ఎక్కువ తినేసేది ఆ మాటే. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: ఇంజిన్ కూర్చుంటే సగం పని అయినట్టే, మిగతావి దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు.

జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఇంజిన్ ఎక్కడ కూర్చోవాలో చెప్పేవి కింద క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్‌కు అడ్డంగా ఉండే దూలం), పక్కన స్టీరింగ్ షాఫ్ట్, వెనక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కేబిన్‌కూ మధ్య గోడ), ముందు రేడియేటర్. క్రాస్‌మెంబర్ ఎక్కడుండాలో చెప్పేది బండి నిలబడే ఎత్తు. ఆ ఎత్తును తేల్చేది టైరు. అందుకని కొలత నేల దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి.

ఒక లెక్క చూడండి. మౌంట్లు వెల్డ్ చేశారు, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా చేయించారు. ఆ తర్వాత వెనక భాగాన్ని 3 అంగుళాలు దించాలనిపించింది. షాఫ్ట్ పొడవు 50 అంగుళాలైతే ఆ 3 అంగుళాలకే దాని వాలు సుమారు మూడున్నర డిగ్రీలు మారిపోతుంది. షాఫ్ట్ చివర్లలో కీళ్ళలా పనిచేసే యూజే క్రాస్‌లకు నప్పే కోణం 1 నుంచి 3 డిగ్రీలు. అది దాటితే వేగం అందుకోగానే బండి వణుకుతుంది. పాపం, యజమాని టైర్లు బ్యాలెన్స్ చేయిస్తాడు, షాఫ్ట్ మారుస్తాడు, గేర్‌బాక్స్‌ను అనుమానిస్తాడు. వణుకు మాత్రం పోదు. పైగా ఇరుసు ఎగిరినప్పుడల్లా ఫ్రేమ్‌ను గుద్దుతుంది కాబట్టి అక్కడ ఫ్రేమ్ కోసి సీ నాచ్ (సీ ఆకారపు గాడి) వేయాలి. బెడ్ (వెనక సామాను తొట్టి) అప్పటికే రంగేసి బిగించి ఉంటే అదీ విప్పాల్సిందే.

సరైన వరస ఇది. మొదట చక్రాలూ టైర్లూ కొనండి. ఫెండర్లు ఆనించి చూసుకుని ఎత్తు ఖరారు చేయండి. ఉత్త ఫ్రేమ్‌ను ఆ ఎత్తులో, ఆ వాలులో స్టాండ్ల మీద నిలబెట్టి, ఎదురెదురు మూలల మధ్య కొలిచి వంకర లేదని నిర్ధారించుకోండి. ఈ ఫ్రేమ్ రైళ్ళు (పొడవునా సాగే రెండు ఇనుప దూలాలు) సీ ఆకారంలో తెరిచి ఉంటాయి. ముందు సస్పెన్షన్ వచ్చేచోట 3/16 అంగుళం ప్లేటుతో వాటిని మూసి బాక్స్ చేయాలి. ఒకే గీతగా వెల్డ్ లాగేశారో, వేడికి రైలు వంగుతుంది. రెండంగుళాల ముక్క ఇటు, రెండంగుళాలు అటు వేసుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి.

తర్వాత ఫోర్డ్ మస్టాంగ్ టూ కారు తరహా ముందు సస్పెన్షన్ క్రాస్‌మెంబర్. బండి తన ఎత్తులో నిలబడ్డప్పుడు చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ నేలకు సమాంతరంగా ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఇంజిన్ బరువు లేని ఫ్రేమ్‌కు స్ప్రింగులు బిగిస్తే ముక్కు పైకి లేస్తుంది, ఆ కొలతలన్నీ అబద్ధం. స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఉండాల్సిన చోట తగిన పొడవున్న ఇనుప కడ్డీ పెట్టి, పని అయ్యేదాకా ఆ ఎత్తులోనే బంధించి ఉంచండి.

ఆ తర్వాత వెనక ఇరుసు, దాని తర్వాతే ఇంజిన్. అదీ ఖాళీ బ్లాకు, ఖాళీ గేర్‌బాక్స్ కేసు చాలు. గేర్‌బాక్స్ తోక 3 డిగ్రీలు కిందికి, పీనియన్ ముక్కు (ఇరుసులో షాఫ్ట్ కలిసే చోటు) దానికి సమాంతరంగా పైకి. కమాన్ కట్టల మీద నిలిచే ఇరుసైతే ఆ ముక్కును ఇంకో 1-2 డిగ్రీలు దించి పెట్టండి, ఎందుకంటే యాక్సిలరేటర్ నొక్కగానే అది పైకి లేస్తుంది. సిలిండర్ హెడ్లకూ ఫైర్‌వాల్‌కూ మధ్య కనీసం అంగుళం, స్టీరింగ్ షాఫ్ట్‌కూ ఎగ్జాస్ట్‌కూ మధ్య మరో అంగుళం ఖాళీ చూసుకోండి. ట్రక్కు ఇంజిన్లతో వచ్చే లోతైన సంప్ (అడుగున ఆయిలు నిలిచే తొట్టి) చాలాసార్లు క్రాస్‌మెంబర్‌కు తగులుతుంది. సంప్ మార్చడమే దారి, ఇంజిన్ ఎత్తడం కాదు. ఎత్తితే కోణాలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

ఇదంతా టాక్ వెల్డ్ (అక్కడక్కడా చుక్కల్లా వేసే తాత్కాలిక వెల్డ్) మీదే. కేబిన్, ఫెండర్లు, బానెట్, బెడ్ అన్నీ ఒకసారి పెట్టి చూడండి. తలుపులు మూసి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, ఎక్కడా తగలడం లేదన్నాకే విప్పి పూర్తి వెల్డింగ్. రంగు ఆ తర్వాత సంగతి.

అపోహ: వెనక ఇరుసు గట్టిదే కదా, ఉంచుకోవచ్చు.

గట్టిదే, కానీ పనికిరాదు. 1954 దాకా ఈ హాఫ్ టన్ను బండ్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ టార్క్ ట్యూబ్ అనే మూసిన గొట్టం లోపల తిరుగుతుంది. కొత్త గేర్‌బాక్స్‌కు అది అతకదు. పైగా ఇరుసు గేరు రేషియో 4.11 (చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ 4.11 సార్లు తిరగాలి). 28 అంగుళాల టైరుతో గంటకు 70 మైళ్ళ దగ్గర టాప్ గేరులో ఇంజిన్ సుమారు 3,450 ఆర్‌పీఎం తిరగాలి. 3.73 ఇరుసు, 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లోని 0.70 ఓవర్‌డ్రైవ్ కలిస్తే అదే వేగానికి 2,200 చాలు.

అపోహ: ముందు చక్రాలకు డిస్కులు వేస్తే బ్రేకుల పని అయిపోయింది.

పాత మాస్టర్ సిలిండర్‌కు ఒకటే సర్క్యూట్. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు సర్క్యూట్ల సిలిండర్ తప్పనిసరి. దాన్ని పాత చోటే, నేలబోర్డు కింద పెడితే కాలిపర్లు (డిస్కును నొక్కే భాగాలు) దానికంటే ఎత్తులో ఉండి ద్రవం వెనక్కి జారిపోతుంది, తొలి నొక్కుకు పెడల్ అడుగంటుతుంది. డిస్కుల గొట్టంలో 2 పీఎస్ఐ, డ్రమ్ముల గొట్టంలో 10 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వు వేయాలి. గొట్టాల్లోంచి గాలి తీసి ఎంత బ్లీడ్ చేసినా పెడల్ గట్టిపడలేదంటే, ముందు ఈ వాల్వులున్నాయో లేదో చూడండి.

అపోహ: పెట్రోల్ పంపు ఏదైనా పంపే.

కార్బురేటర్‌కు 5-7 పీఎస్ఐ సరిపోతుంది. ఎల్‌ఎస్ ఇంజెక్టర్లకు దాదాపు 58 కావాలి. 1949 నుంచి వచ్చిన బండ్లలో సీటు వెనకున్న పాత ట్యాంకును ఎలాగూ కేబిన్‌లోంచి తీసేయాలి కాబట్టి, బెడ్ కింద రైళ్ళ మధ్య లోపలే పంపు, అడ్డుపలకలు ఉన్న ట్యాంకు వేసేయండి.

అపోహ: హెడ్ల మీది సన్న గొట్టాలు పనిలేనివి, మూసేయొచ్చు.

అవి ఆవిరి బయటికి పోయే దారులు. ముందువైపువి రేడియేటర్ పైభాగానికి కలపాలి. మూస్తే ఆవిరి హెడ్లలోనే చిక్కుకుంటుంది. టెంపరేచర్ ముల్లు ఊగుతుంటే పెద్ద ఫ్యాను కొనేముందు ఇది చూడండి.

అపోహ: స్టార్టయి రెండు సెకన్లకే ఆగిపోతోంది, ఇంజిన్ పోయింది.

కంగారు పడకండి. చాలాసార్లు అది ఇంజిన్ కంప్యూటర్‌లోని దొంగల నిరోధక లాక్. ఇంజిన్ తీసిన బండి తాళం, దాని మాడ్యూల్ ఆ కంప్యూటర్‌కు కనబడటం లేదు. ట్యూనింగ్‌లో దాన్ని తీసేస్తే చాలు. అసలు స్టార్టే కాకపోతే క్రాంక్ సెన్సర్ (క్రాంక్‌షాఫ్ట్ మీది పళ్ళ చక్రం తిరగడాన్ని పసిగట్టేది) రంగు చూడండి. నలుపైతే 24 పళ్ళ చక్రం, బూడిద రంగైతే 58. కంప్యూటర్ దానికి సరిపోయేదే కావాలి. రెండూ సరిగ్గానే ఉంటే ఎర్త్ తీగలు వెతకండి. బ్లాకు నుంచి ఫ్రేమ్‌కు ఒకటి, ఫ్రేమ్ నుంచి కేబిన్‌కు ఒకటి, రంగు గీకిన ఇనుము మీద బిగించి ఉండాలి.