ఆగిన గూడ్సు ఖాళీగా ఉన్నట్టు కాదు: యార్డు చూసే కుర్రాళ్ల కోసం అపోహలు - వాస్తవాలు

మా తమ్ముడి కొడుక్కి రైళ్ల పిచ్చి. ఆదివారం తెల్లారకముందే ఫోను, పవర్ బ్యాంకు జేబులో వేసుకుని స్నేహితులతో మా బెజవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కేస్తాడు. ఒక్కోసారి రాయనపాడు, కొండపల్లి దాకా పోతాడు. పోయిన నెల ఇంటికొచ్చి, తీసిన వీడియోలన్నీ వరసగా చూపించాడు. గూడ్సులు ఉన్నాయి గానీ అన్నీ పరిగెత్తేవే. "ఆగి ఉన్నవి ఒక్కటీ తియ్యలేదేంరా?" అన్నాను.

"ఖాళీగా పడున్న బండిని ఏం తీస్తాం పెదనాన్నా!"

30 ఏళ్లకు పైగా గూడ్సు చివరనుండే గార్డు పెట్టెలో ఊగిన మనిషితో అనాల్సిన మాట కాదది. వాడి దగ్గరా, వాడి స్నేహితుల దగ్గరా ఇలాంటివి ఇంకా చాలా విన్నాను. గుర్తున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అసలు దారి పక్కనుండే లూపు లైన్లో ఆగిన గూడ్సుకు పనేమీ ఉండదు, ఎక్స్‌ప్రెస్ పోయేదాకా నిద్రే.

ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇవ్వడానికి ఆగుతుంది, కాదనను. కానీ బెజవాడ అంటే కాజీపేట, విశాఖ, గుడివాడ దారులు వచ్చి కలిసే చోటు. కృష్ణ దాటితే కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర గుంటూరు దారి ఒకవైపు, తెనాలి మీదుగా గూడూరు దారి ఇంకోవైపు చీలతాయి. ఇంత కూడలిలో బండి ఆగిందంటే దాని చుట్టూ మనుషులు పని చేస్తూ ఉంటారు. ఒక సిబ్బంది దిగి ఇంకొకరు ఎక్కుతారు. టీఎక్స్‌ఆర్ వాళ్లు, అంటే పెట్టెల్ని పరీక్షించే సిబ్బంది, రెండు పక్కలా నడుస్తూ స్ప్రింగులు, బ్రేకు దిమ్మలు, తలుపుల గొళ్లేలు చూసుకుంటూ పోతారు.

అసలు పని గాలిది. గూడ్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒకే గొట్టం, పెట్టెకీ పెట్టెకీ మధ్య రబ్బరు హోస్ పైపులు. ఇంజను దగ్గర గేజీలో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల గాలి ఒత్తిడి చూపించాలి, మామూలు రేకుకి, అంటే మామూలు పొడవు పెట్టెల వరసకి, నా పెట్టెలో గేజీలో 4.8 రావాలి. చెప్పడానికి రెండు అంకెలే. జూన్ మధ్యాహ్నం ఇనప రేకుల గార్డు పెట్టెలో కూర్చుని ఆ ముల్లు వంక చూస్తుంటే తెలుస్తుంది. మూడున్నర దాకా చకచకా ఎక్కుతుంది. నాలుగు దగ్గర నసుగుతుంది. నాలుగూ రెండు దగ్గర ఆగిందా, ఎక్కడో గాలి పోతున్నట్టే. అప్పుడు బండి పొడవునా చెవి ఒగ్గి నడవాలి. కుక్కరు కూత వేసే ముందు సుయ్యిమంటుంది చూడండి, అలాంటి చప్పుడు ఏదో రెండు పెట్టెల మధ్య వినిపిస్తుంది. హోస్ పైపు మూతిలో రబ్బరు వాషరు అరిగిపోయి ఉంటుంది. అర చెయ్యంత కూడా ఉండదది. దాన్ని మార్చేదాకా అన్ని వేల టన్నులూ నిలబడాల్సిందే. ముల్లు 4.8కి వచ్చాక, బ్రేకు వేసి వదిలి చూసుకున్నాకే కాగితాల పని. ఆ బ్రేక్ పవర్ సర్టిఫికెట్ సరిగ్గా లేకపోతే బండి కదలడానికి లేదు.

ఫ్లైఓవర్ మీద నుంచి చూస్తే మాత్రం "పడుంది".

ఇదే గాలి గురించి ఇంకో మాట. గాలి పెడితే బ్రేకు పడుతుందనుకుంటారు చాలామంది. తిరగబడి ఉంటుంది లెక్క. గొట్టంలో గాలి నిండుగా ఉంటే బ్రేకు వదిలి ఉంటుంది, తగ్గితే పడుతుంది. అందుకే దారిలో బండి రెండు ముక్కలైనా హోస్ పైపు ఊడి, గాలి పోయి, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి.

అపోహ: బయల్దేరేటప్పుడు దడదడమందంటే డ్రైవరుకు చేతకాలేదన్నమాట.

పెట్టెకీ పెట్టెకీ మధ్య కప్లింగులో కాస్త వెసులుబాటు ఉంటుంది. చూడ్డానికి వేళ్ల మందం. 58 పెట్టెలకు కలిపితే ఇంజను కదిలిన కాసేపటికి గానీ గార్డు కదలడు. ఆ చప్పుడు ముందు నుంచి వెనక్కి పరిగెత్తుకుంటూ వస్తుంది, ఎవరో ఇనప తలుపులు వరసగా మూస్తున్నట్టు. పాత నాలుగు చక్రాల గార్డు పెట్టెలో ఉంటే అది దగ్గరికొచ్చేలోపు టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకోవాలి. లేదంటే టీ చొక్కా తాగుతుంది. అనుభవం ఉన్న డ్రైవరు మెల్లగా సాగదీస్తాడు, చప్పుడు తగ్గుతుంది. పూర్తిగా పోదు.

అపోహ: ఇంజను లేని పెట్టెలు కదలవు. కదిలినా చప్పుడు వినిపిస్తుందిగా!

వాస్తవం వినండి, ఇది ప్రాణం మీది మాట. ఇంజను ఎక్కడో అవతలి కొసన ఉండి పెట్టెల్ని నెడుతూ ఉండొచ్చు. మీకు కనబడేది పెట్టెలే. దొర్లే పెట్టె, అందులోనూ రోలర్ బేరింగు పెట్టె, మనిషి నడక వేగంతో వస్తుంటే చప్పుడన్నదే ఉండదు.

ఉద్యోగంలో కొత్తల్లో ఒక యార్డులో, వాన రాత్రి, చేతి దీపం పట్టుకుని రెండు లైన్ల మధ్య నా పెట్టె కోసం నడుస్తున్నాను. నీళ్లున్నాయని పట్టాల అంచుకి జరిగాను. వెనక నుంచి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ "గార్డ్ సాబ్!" అని ఒక్క కేక పెట్టాడు. ఎందుకని ఆలోచించకుండా పక్కకు దూకాను. షంటింగ్‌లో, అంటే పెట్టెల్ని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్చేటప్పుడు, నెట్టిన ఖాళీ పెట్టె భుజం పక్కనుంచి పోయింది. దాని చప్పుడు నాకు వినిపించలేదు, వాన చప్పుడే వినిపించింది. జీతం తీసుకుని, శిక్షణ పొంది, యార్డులో నడిచే హక్కున్న మనిషికే అలా జరిగింది.

కాబట్టి యాంగిల్ కోసం పెట్టెల కింద దూరడం, రెండు పెట్టెల మధ్య నిలబడటం వద్దు. పట్టాల పక్కన, ఎర్రకట్ట దగ్గర పెరిగిన పిల్లలు కూడా "మాకు అలవాటే" అంటారు. అలవాటు మీకే, పెట్టెకి లేదు. చట్టమూ ఉంది: 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద అనుమతి లేకుండా లోపలికొస్తే 6 నెలల దాకా జైలు, 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్లాట్‌ఫాం టికెట్ 2 గంటల పాటు ప్లాట్‌ఫాం మీద నిలబడటానికే. యార్డుకి అది పనికిరాదు.

అపోహ: పైన కరెంటు తీగ ముట్టుకుంటేనే షాకు.

25,000 వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళితే చాలు, గాలిలోంచే దూకుతుంది. 2 మీటర్ల దూరం అని మాకు నూరిపోసేవాళ్లు. ఆగిన బొగ్గు పెట్టె ఎక్కి సెల్ఫీ కర్ర ఎత్తితే ఆ 2 మీటర్లు ఎక్కడ మిగులుతాయి? దీని గురించి ఇంతకన్నా రాయను.

అపోహ: డ్రైవరుకు ఎంత హుషారుగా చెయ్యి ఊపితే అంత బాగా హారన్ కొడతాడు.

ఒకసారి మామూలుగా చెయ్యెత్తండి, తిరిగి ఎత్తుతాడు, ముచ్చటగానే ఉంటుంది. కానీ రెండు చేతులూ తలపైకెత్తి నిలబడటం, ఏదైనా వస్తువుని ఆగకుండా జోరుగా ఊపడం, రాత్రిపూట తెల్ల లైటు జోరుగా ఊపడం, ఇవన్నీ రైల్వే భాషలో "ప్రమాదం, ఆపు" అని. ఎర్ర టీషర్టు విప్పి ఊపితే ఇక చెప్పేదేముంది? లోడు బొగ్గు బండిలో ఒక్కో పెట్టె 91.6 టన్నుల దాకా తూగుతుంది. 58 పెట్టెలకు లెక్కేసుకోండి, 5,300 టన్నుల పైమాటే. మీ సరదాకి దాన్ని ఆపితే, మళ్లీ గాలి నింపి, సాగదీసి, వేగం అందుకునేసరికి వెనక బళ్లన్నీ ఆలస్యం.

ఇదే సైగ అవసరమైనప్పుడు వాడొచ్చు, వాడాలి కూడా. పట్టా విరిగి కనిపించినా, పెట్టె కింద ఏదైనా వేలాడుతున్నా. తర్వాత 139కి ఫోను చెయ్యండి.

అపోహ: రెండు ఇంజన్లుంటే బరువెక్కువని.

అయ్యుండొచ్చు. రెండోది పాడై షెడ్డుకు పోతున్నదీ అయ్యుండొచ్చు. పైన తీగను అందుకునే పాంటోగ్రాఫ్ చూడండి, దించి ఉంటే అది సాధారణంగా చచ్చిన ఇంజనే, దాన్నీ కలిపి లాక్కుపోతున్నారు. డబ్ల్యుఏజీ-12 చూసి "రెండు ఇంజన్లు" అని రాసేవాళ్లు ఎందరో! బీహారులోని మధేపురాలో తయారయ్యే 12,000 హార్స్‌పవర్ ఇంజను అది, రెండు ముక్కలుగా ఉన్నా ఒకటే.

అపోహ: కిటికీలు మూసేసిన పెట్టెల బండంటే లోపల మిలిటరీ.

మావాడు గుసగుసగా చెప్పాడు. లోపల ఉన్నవి కార్లురా నాయనా! ప్రయాణికుల సేవ నుంచి తప్పించిన పాత బోగీలకు కిటికీలు మూసి, కొసన తలుపులు పెట్టి, వాహనాల రవాణాకి మార్చారు. నిజం మిలిటరీ బండి ఎదురైతే మాత్రం ఫోను జేబులో పెట్టుకోండి. ఎక్కడుంది, ఎటు పోతోంది అన్నది లోకానికి చెప్పాల్సిన సంగతి కాదు.

మాటలో మాట: గూడ్సంటే బొగ్గూ సిమెంటే అనుకోకండి. 2020 జూలైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి మన ఎండు మిరపకాయలు 16 పార్సిల్ వ్యాన్లలో, దాదాపు 384 టన్నులు, బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కి రైల్లో వెళ్లాయి. ఆ బండిని ఎవరైనా వీడియో తీశారో లేదో గానీ, వెంట వచ్చిన గార్డులు తుమ్మే ఉంటారు.

అపోహ: ఇంజన్ల బలం ఉండాలే గానీ ఎంత పొడవు బండైనా నడపొచ్చు.

బలం కన్నా ముందు చోటు కావాలి. ఒక మామూలు బొగ్గు రేకు ఇంజనుతో, గార్డు పెట్టెతో కలిపి 650 - 700 మీటర్ల మధ్య ఉంటుంది, లూపు లైన్లు కూడా దాదాపు ఆ కొలతకే ఉంటాయి. అంతకన్నా పొడవైన బండిని పక్కకు తప్పించే వీలుండదు. ఈ విషయంలో మనకో సొంత గొప్ప ఉంది. 2021 అక్టోబర్ 7న 3 రేకుల్ని కలిపి 177 పెట్టెలతో "త్రిశూల్" అన్న బండిని దక్షిణ మధ్య రైల్వే నడిపింది మన కొండపల్లి నుంచే, ఒడిశాలోని ఖుర్దా వైపు. అవన్నీ బొగ్గు నింపుకోవడానికి పోతున్న ఖాళీ పెట్టెలు. ఈ ఖాళీ అన్న ముక్క చెప్పకుండా గొప్పలు చెబుతారు మనవాళ్లు.

అపోహ: పెట్టె మీది పొడుగాటి నంబరు ఊరికే రాసిందే.

11 అంకెలు. మొదటి రెండూ పెట్టె రకం, తర్వాతి రెండూ సొంతదారు రైల్వే (09 అంటే దక్షిణ మధ్య), తర్వాతి రెండూ తయారైన సంవత్సరం, ఆపైన నాలుగూ దాని సొంత నంబరు. చివరి అంకె కాపలాదారు. ఉదాహరణకు నేను కల్పించిన నంబరు: 31090712849. రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో, పదో అంకెలు కూడితే 23. మూడింతలు చేస్తే 69. మిగతా ఐదూ కూడితే 12. మొత్తం 81. పైనున్న పదుల సంఖ్య 90కి ఎంత తక్కువ? 9. చివరి అంకె అదే. రాత్రిపూట లాంతరు వెలుగులో నంబర్లు రాసుకునేవాళ్లు ఒక అంకె తప్పుగా రాస్తే ఈ లెక్కలో దొరికిపోయేది. మావాడికి నేర్పితే ఇప్పుడు కనబడ్డ ప్రతి పెట్టెకీ లెక్క కడుతున్నాడు. వాళ్ల అమ్మ నన్ను తిడుతోంది.

అపోహ: స్టేషన్లో పచ్చజెండా చూపించేది మర్యాదకి.

2022 జనవరి నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు మారింది, జెండా మారలేదు. నడిచే బండిని స్టేషన్ వాళ్లు చూసి, మేమూ వెనక్కి ముందుకీ చూసుకుని, "అంతా బాగుంది" అని ఒకరికొకరు చెప్పుకోవడం అది. చూసేది ముఖ్యంగా రెండింటి కోసం. బ్రేకు పట్టేసిన పెట్టె అయితే చక్రం అంచు దగ్గర పొగ, మాడిన వాసన, సాధారణంగా ఆ పెట్టె చక్రాలన్నిటి దగ్గరా. హాట్ యాక్సిల్, అంటే ఇరుసు కొసన బేరింగు వేడెక్కిపోవడం, అయితే ఆ ఒక్క ఇరుసు కొస దగ్గరే, గ్రీజు కాలిన కంపు, కీచుమనే చప్పుడు. మొదటిదానికి బండి ఆపి బ్రేకు వదిలిస్తే సరి. రెండోదానికి ఆ పెట్టెని విడదీసి పక్కన పెట్టాలి, లేకపోతే యాక్సిల్ విరిగి బండి పట్టాలు తప్పుతుంది.

అపోహ: యార్డు చప్పుడు గోల, వీడియోకి పాట పెడితేనే చూస్తారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మావాడు కొండపల్లి దగ్గర తీసిన మంచి వీడియో ఒకటి ఉంది, ఖాళీ బొగ్గు బండి మలుపు తిరుగుతుంది, వెనక కొండ. దాని మీద డప్పుల పాట. "పాట తీసి పెట్టు" అన్నాను. అసలుది ఫోనులో ఉంది. పెట్టాడు. పెట్టెలు తాళం వేసుకుంటూ పోతున్నాయి. మధ్యలో ఒక్కచోట వేరే చప్పుడు, దడ్‌దడ్‌దడ్‌దడ్ అని సుత్తితో కొట్టినట్టు, దగ్గరికొచ్చి దూరమైపోయింది.

"ఇదేంటి పెదనాన్నా?"

చక్రం ఒకచోట చదునైపోయిందని చెప్పాను. బండిని యార్డులో నిలిపేటప్పుడు దొర్లిపోకుండా రెండు కొసలా పెట్టెలకు హ్యాండ్ బ్రేకు బిగిస్తారు. బయల్దేరేటప్పుడు ఒక్కటి వదలడం మర్చిపోయినా ఆ చక్రం తిరగదు, పట్టా మీద ఈడ్చుకుపోయి అరుగుతుంది. ఆగి ఉన్నప్పుడు జరగాల్సిన పని జరగకపోతే నడిచేటప్పుడు వినిపిస్తుంది.

వాడు వీడియో వెనక్కి తిప్పాడు. ఇద్దరం ఇంజను నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాం. నాకు 5వ పెట్టె వచ్చింది, వాడికి 6. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.